జెల్ల ముల్లు

పాకల బడిలో కంప్యూటర్లు ఆరు,
బతికున్నవి రెండు.
ఉప్పుగాలికి మీటలు తుప్పు పట్టి
ఒక 'క' కొడితే ఒక్కోసారి మూడు పడతాయి.

ఎనిమిదో తరగతికి ఈమెయిలు నేర్పాలి.
ఒంగోలు నుంచి వచ్చిన పుస్తకంలో
టై కట్టుకున్న కుర్రాడి బొమ్మ.
పిల్లలు ఆ టైనే చూస్తున్నారు.

ఏసోబు మొదటి జాబు కొట్టాడు, హెడ్మాస్టరు గారికి:
"బూట్లు ఎప్పుడిస్తారు"
అంతే. పిలుపు లేదు, పేరు లేదు,
విషయం అనే గడి ఖాళీ.
"ఎవరిదిరా ఈ పడవ?" అన్నాను.
గొల్లున నవ్వారు.
యాడ మొదలెట్టాలో అప్పుడు తెలిసింది నాకు.

ఒడ్డున నిలబడినోళ్ళకి
పక్కన రాసిన నంబరు చూస్తేనే కదబ్బయా
వచ్చేది ఎవరి పడవో తెలిసేది.
విషయం గడి అదే.
ఒకరింటికి పోయినప్పుడు
చెప్పులిప్పి, పెద్దాయన్ని పలకరించి,
అప్పుడు కదా అక్కరేందో అడిగేది.
జాబు కూడా అట్నే.
చివర నీ పేరు లేకపోతే
అది ఎవరో అరుగు మీద వదిలేసి పోయిన సంచి,
ముట్టుకోడానికి భయం.

కోపమొచ్చిన రోజు రాయొద్దని చెప్పలేదు.
రాయమన్నాను. పంపొద్దన్నాను.
సముద్రం పోటు మీదుంటే పడవ దించుతారా మీరు?
"మా మామ దించుతాడు సార్"
వెనక బెంచీ నుంచి సుందర్రావు.
"దించి?"
"ఇంజను పోగొట్టుకున్నాడు."

పాస్‌వర్డుకి పోలిక వెతుక్కుంటూ నేను తడబడుతుంటే
గంగోత్రే అందించింది:
"మా నాయన జీపీఎస్‌లో వంజరం పడే చోటు దాచుకుంటాడు సార్,
సొంత బామ్మర్దికి కూడా చెప్పడు.
అదేనా?"
అదేనమ్మా.
పుట్టినరోజు తారీఖు పెట్టబోయిన ముగ్గురు
గబగబా చెరిపేసుకున్నారు.

ఇక గాలం సంగతి.
మీకు బహుమతి వచ్చింది, ఇక్కడ నొక్కండి,
ఆ ఎర్ర అక్షరాలు తెర మీద పెట్టి
ఉపన్యాసానికి గొంతు సవరించుకున్నాను.
వాళ్ళకా నేను చెప్పేది!
"చేపకి గాలం కనపడదు సార్, రొయ్యే కనపడతది."
"ఆకలి మీదున్నదానికి అసలే కనపడదు."
"మీరెప్పుడన్నా తిన్నారా సార్, ఎర?"

బోర్డు వైపు తిరిగాను.
తుడవాల్సిందేమీ లేదు. తుడిచాను.
తిన్నాను.
కరెంటు బిల్లు కట్టలేదు, ఈ రాత్రికే తీసేస్తామని వచ్చింది.
పద్దెనిమిది వేలు.
ఎవరూ నవ్వలేదు.
"ఇంట్లో చెప్పారా?"
నాలుగు రోజులు చెప్పలేదు.
లెక్కల సారుని కదా.

గంగోత్రి లేచి నిలబడింది.
"చెప్పాల సార్.
మా తాతకి జెల్ల ముల్లు గుచ్చుకుంటే
ఇన్నేళ్ళు వేటాడినోణ్ణి నాకేందని దాచిపెట్టాడు.
కాలు ఇంత లావైంది.
అప్పుడే చెప్పుంటే
వేణ్ణీళ్ళ కాపడంతో పోయేదంట."

పుస్తకంలో ఈ మాట లేదు.
అంచున పెన్సిల్‌తో రాసుకున్నాను.

రాత్రి తొమ్మిదిన్నర.
కంచం ముందు కూర్చుంటే ఫోను వెలిగింది.
విషయం: ముల్లు
"గౌరవనీయులైన సారు గారికి, నమస్కారం.
మా చెల్లెలికి ఎవరో తెలియనాయన
రోజూ మెసేజీలు పెడతన్నాడు.
అన్న లాంటోణ్ణి అంటాడు. ఫొటో పంపమంటాడు.
అమ్మకి చెప్పొద్దన్నాడంట.
పంపలేదు సార్. ఇంకా గుచ్చుకోలా.
ఇట్లు,
వాయల గంగోత్రి, ఎనిమిదో తరగతి."

పిలుపుంది. పేరుంది. గడి నిండింది.
అక్షర దోషాలు రెండు.
దిద్దలేదు.
కంచం మీద మూత పెట్టి
చెప్పులేసుకున్నాను.