వండిన ఎండ్రికాయ

మంచిర్యాల బస్టాండు బయట
సైకిలు మీద అమ్మే ముసలాయన దగ్గర కొన్నాను, నలభై రూపాయలు.
ఇరవై నాలుగు పేజీలు, పేజీకొక బొమ్మ,
బొమ్మ కింద నాలుగే పాదాలు.

అంకీస దాటినంక మా బడి.
జిల్లా పరిషత్తుది. గోడ మీద మరాఠీ,
హాజరు పట్టీ మరాఠీ, ఎక్కాలు మరాఠీ.
గంట కొట్టగానే
గేటు దాకా ఉరికే కాళ్ల చుట్టూ మాత్రం తెలుగు.
ఇరవై ఆరుగురు. తెలుగులోనే కొట్లాడుకుంటారు,
తెలుగులోనే చాడీలు చెప్తారు,
తెలుగు అక్షరం చూపిస్తే
"ఇవి కాళేశ్వరం బస్సు మీద ఉంటయి గద బాయీ" అంటారు.

అందుకని ముందు బొమ్మే చూపించాను.
ఏడో పేజీ. ఎండ్రికాయ.
దానిమ్మ గింజంత ఎర్రగా
రెండు డెక్కలూ పైకెత్తి నవ్వుతోంది.

"ఇది వండింది" అన్నాడు సడవలి.
వాళ్ల నాయన గోదాట్ల వల వేస్తాడు.
"ఉడికినంకనే ఎర్రగైతది బాయీ.
గిది నడవది."

క్లాసంతా ఒప్పేసుకుంది.
నా చేతిలో పద్యమేమో నడిచిందంటోంది:

*ఎండ్రికాయ ఎటుపోయె?*
*ఒడ్డు వెంట అడ్డం పోయె.*
*ఎందుకట్ల అనడిగితె*
*అడ్డమె నాకు నిలువాయె.*

రెండుసార్లు చదివాను.
మూడోసారి నా నోరు చూసి వాళ్లే చెప్పారు.
ఆ మధ్యాహ్నం పోచుబాయి
పద్యాన్ని మరాఠీ అక్షరాల్లో రాసుకుంది,
రాస్తూ రాస్తూ ఆగిపోయింది.
ఆ రాతలో ఎ ఎప్పుడూ పొడుగే. పొట్టిది లేదు.
ఒ సంగతీ అంతే.
కాసేపు పెన్సిలు కొరికి
పొట్టివాటి నెత్తిన ఆవగింజంత చుక్క పెట్టింది.
నన్నేమీ అడగలేదు.

తెల్లారి పుస్తకం తెరిస్తే
ఏడో పేజీ అట్టలా గట్టిపడింది.
ఎరుపంతా మాయం. తడి రేగడి పూసి
"ఇప్పుడు నడుస్తది" అన్నాడు సడవలి.
తిట్టడానికి నోరు తెరిచాను కూడా.
అప్పటికే అది నడిచింది:
ఎనిమిదేసి మట్టి చుక్కలు, పక్కకు, పక్కకు,
ఎనిమిదో పేజీలో నెమలి తోక మీంచి
తొమ్మిదో పేజీ పెళ్లిబండి కిందుగా.

గురువారం బోర్‌కుటే సారు వచ్చారు, తనిఖీకి.
నాగభీడ్ ఆయన. తెలుగు ముక్క రాదు.
గోడకంటించిన పోచుబాయి కాగితం ముందు నిలబడి
రేడియోలో వార్తల్లా గట్టిగా చదివారు:
"ఏండ్రికాయ్ ఏటుపోయే..."

చదివినాయనకు ఒక్క మాటా అర్థం కాలేదు,
విన్నవాళ్లు కిందపడి నవ్వుతున్నారు.
ముందు వరసలో ఒకడికి ఎక్కిళ్లు.
సారు నా వైపు చూశారు.
నేను చెప్పబోయేలోగా పోచుబాయి పుస్తకం తెచ్చి
ఏడో పేజీ తెరిచింది. రేగడి పెళ్ల ఒకటి
ఆయన తెల్ల ప్యాంటు మీద రాలింది.
"హా, ఖేకడా!" అన్నారాయన,
చిన్నప్పుడు దాంతో వేలు కరిపించుకున్న మనిషిలా.

మరి ఈ చుక్కలేంటి, ఈగ రెట్టలా?
"కాదు సార్. ఆడ ఊపిరి ఆపాలె. ఎ. గంతే."
"ఏ."
"ఎ."
"ఏ... ఎ!"
కేంద్ర ప్రముఖుడికి ఇరవై ఆరుగురు చప్పట్లు కొట్టారు.

వెళ్లేముందు తనిఖీ పుస్తకంలో రాశారు:
గోడపై పాఠ్యక్రమంలో లేని రాత ఉన్నది.
ఎన్నిసార్లు చదివినా అది మెచ్చుకోలో మందలింపో తేలలేదు.
తుడవమని మాత్రం రాయలేదు.

ఏడో పేజీ మన్ను ఎండకు పగులుతోంది.
రోజూ ప్రార్థన కాగానే సడవలి
కుండ దగ్గరికెళ్లి వేలు తడుపుకొస్తాడు.