ఆరుకీ ఏడుకీ నడుమ

మా లిఫ్టు మెకానిక్కుల గ్రూపులో
రెండొందల పన్నెండు మందిమి.
పొద్దున్నే నలభై గులాబీలు పూస్తాయి,
తొమ్మిదికల్లా వాడిపోతాయి.
ఎవడికి ప్రమోషనొచ్చినా చప్పట్ల బొమ్మలు.
ఎవడి చేతిలో ఏ తాడు జారిందో
ఎవడూ రాయడు.

మొన్న జులై ముసురులో, రాత్రి పదకొండుకి,
మారతహళ్లి నుంచి మద్దిలేటి పెట్టాడొక ఫోటో:
మూతపడ్డ కంపెనీ వాళ్ల పాత బోర్డు.
ఆరుకీ ఏడుకీ నడుమ ఆగిన పెట్టెలో
డెలివరీ కుర్రాడు, చల్లారుతున్న బిర్యానీ.
కింద ఒకటే ముక్క:
"నాకు తెలీదన్నా. ఎవరికన్నా తెలుసా?"

మా గ్రూపులో 'తెలీదు' అన్న మాట
అదే మొదలు.
నీలం టిక్కులు పడుతున్నాయి, జవాబు లేదు.
అడ్మిన్ని నేను. నాకూ తెలీదు.
ఆ మాట టైపు చేయడానికి వేలు రాలేదు.

హెబ్బాళ ఫ్లైఓవరు కింద బండాపి
ఉరుకుందు పంపిన గొంతులో సగం వానే:
"ముందు మెయిన్ ఆపు. మూడో రిలే చూడు, చిలుము పట్టింటాది.
పిల్లోళ్లు పెన్సిలు గీతలు చెరుపుకునే రబ్బరుతో రుద్దు."
ఏడో అంతస్తులో ఎవరి తలుపో తట్టి
నిద్రపోయిన పాప బడిసంచిలోంచి
తెచ్చుకున్నాడట రబ్బరు.

మర్నాడూ గులాబీలొచ్చాయి.
వాటి మధ్య సుంకన్న పెట్టిన
తెగిన తాడు ఫోటో: "తప్పు నాదే. మీరు చెయ్యకండి."
దానికి చప్పట్లు కొట్టాలో వద్దో
ఎవరికీ తోచలేదు.

యలహంకలో నేను బిగించడం మరిచిన బోల్టు
ఆరేళ్లుగా నా సంచిలోనే ఉంది.
ఫోటో తీశాను.
పంపే బాణం మీద బొటనవేలు.
గడపకీ పెట్టెకీ ఇంకా అంగుళం తేడా.