ఫిర్యాదు నంబరు నలభై ఒకటి

ప్రసార స్తంభం నీడలో ఉన్న ఊళ్ళకి నేను మెకానిక్కుని.
నోరులేని వాటి నోరు మూయించడం నా ఉద్యోగం.

హంగరీ మైదానం, చుట్టూ మిరప చేలు.
మూడువందల మీటర్ల ఇనుము ఒంటికాలి మీద నిలబడి
రాత్రింబగళ్ళు మాట్లాడుతూనే ఉంటుంది.
రేడియో కట్టేసుకున్న ఇళ్ళలో
వస్తువులు చెవులు రిక్కిస్తాయి.

రొట్టెల పొయ్యి తలుపు వేకువనే ప్రార్థన చదువుతోందని
బేకరీ ఓర్షోయా ఒట్టేసింది. నిజమే, విన్నాను.
పంట్లో పాటలొస్తున్నాయన్న తాగుబోతుని మాత్రం
నమ్మలేదు.

మంత్రమేం లేదు.
రెండు లోహాల నడుమ కాస్త తుప్పు,
ఒకవైపు పోనిస్తుంది, రెండోవైపు అడ్డం పడుతుంది.
ఆ చిన్న పక్షపాతం చాలు, గాలిలోని అల మాటగా విరగడానికి.
నిష్పక్షపాతంగా మెరిసే లోహానికి
ఏమీ వినపడదు.

నలభై ఒకటో ఫిర్యాదు ఎటెల్కా మీద, పక్కింటి వెండెల్ రాసింది:
"ఆవిడ చూరుగొట్టం గొణుగుడికి నా మధ్యాహ్నపు కునుకు పోతోంది."

ఆకురాయి, స్పానరు, రంగుడబ్బా పట్టుకెళ్ళాను.
రేకుకి చెవి ఆనించాను.
లోపలెవరో డాన్యూబు నీటిమట్టాలు చదువుతున్నారు.
వాననీళ్ళు మోసే గొట్టం
చుక్క వాన లేని జులైలో
నది సంగతులు చెబుతోంది.

చిక్కుళ్ళు ఒలుస్తూ, తలెత్తకుండా అడిగింది ఎటెల్కా,
"బాయా దాటాడా?"
"దాటాడు. మోహాచ్‌లో తగ్గుముఖమట."
"తగ్గనీ," అంది, తన చేతిలో ఉన్నట్టు.

అతుకు విప్పాను. తుప్పు గీకాను. రంగేశాను.
ఆమె, నేను, గొట్టం,
ముగ్గురికీ ఒక్కసారే మాట పడిపోయింది.
కాగితంలో నాలుగు ఆప్రికాట్లు చుట్టి ఇచ్చింది.
ఫారంలో 'సరిచేయబడింది' అని రాశాను.

సెప్టెంబరులో వెండెల్ మళ్ళీ రాశాడు.

అతుకు దగ్గర నా రంగు మీద
మేకుతో గీరిన గీతలు, గీతల్లో తడి.
గోడవార క్యాబేజీ ఊరగాయ జాడీ, మూత పక్కన గరిటె.
వేలితో అద్ది నాలిక్కి రాసుకున్నాను.
ఉప్పు.

"ఈ ఏడు వానలెక్కువ నాయనా," అంది ఎటెల్కా,
ఎండలో కళ్ళు చిట్లించి.
"మోహాచ్, పెరుగుతోంది," అంది గొట్టం.

ఆకురాయి సంచిలోంచి తీయలేదు.
ఫారం మోకాలి మీద పెట్టుకుని
'కారణం' అన్న గడిలో 'వాతావరణం' అని రాసి,
వెండెల్ తలుపు తట్టి
రెండు ఉండల దూది ఇచ్చి వచ్చాను.