చేతి వెనక

కరెంటు పోయింది.
షెడ్డులో పన్నెండు మిషన్లు
ఒక్కసారే నోరు మూసుకున్నాయి.
రాయదుర్గం కొండ మీది ఎండ
దిగొచ్చి రేకుల మీద కూర్చుంది.

జీన్సు ప్యాంట్ల కుప్పల మధ్య నుంచి
పిల్లలు వచ్చినారు ఒక్కొక్కరే.
బడికి సెలవులు, ఇంట్లో ఎవరూ లేరు,
అమ్మల కాళ్ల కాడ ఆడుకుని ఆడుకుని విసుగు.
"అక్కా, ఏమన్నా నేర్పీయి."

మిషన్ల నూనె తుడిచేదానికి తెచ్చిన
బనీను గుడ్డల మూట విప్పినాను.
మరక తగలని తునక ఒకటి దొరికింది, పసుప్పచ్చది.
వేలెడు వెడల్పున పొడుగ్గా కత్తిరించి
రెండు కొసలూ పట్టి లాగితే
గుడ్డ తనకు తానే చుట్టుకొని తాడైపోయింది.
తిప్పేస్వామి నోరు తెరిచినాడు.
మంత్రం కాదురా,
బనీను గుడ్డ గుణమే అంత.

సూదులొద్దు. కొక్కేలొద్దు.
నాలుగు వేళ్లు చాలు, కాపలాకి బొటనవేలు.
కొసను దాని కింద నొక్కిపెట్టు.
చూపుడు వేలి ముందు నుంచి పోనీ,
నడిమి వేలి వెనక నుంచి,
ఉంగరం వేలి ముందు నుంచి,
చిటికెన వేలిని చుట్టి వెనక్కి రా,
ముందు పోయిన చోట వెనక, వెనక పోయిన చోట ముందు.
దాని మీద ఇంకో వరస, అట్లే.
ఇప్పుడు కింది ఉచ్చు పట్టుకొని
పైదాని మీదుగా వేలు దాటించు,
నిద్రపోయే తమ్ముని తల మీంచి
చొక్కా తీస్తావే, అంత మెల్లగా.

నాకిది సన్నమ్మత్త నేర్పింది,
కళ్యాణదుర్గంలో, కంబళి ఉన్నితో.
రెండు దినాలు నా వేళ్లు గొర్రె వాసన.

"వేసిందంతా యాడికి పోతాంది అక్కా?"
మాబున్ని అడిగింది.
చెయ్యి తిప్పి చూడు.
అరచేతి అవతల
ఉడుత తోకంత జడ వేలాడుతోంది.
ఓయమ్మ, అని చెయ్యి విదిలించింది,
ఏదో పురుగు పట్టుకున్నట్ల.

మాబున్ని అల్లిక వదులు,
సందుల్లోంచి శెనక్కాయలు రాలిపోతాయి.
హనుమక్క మధ్యలో ఒక వేలు మరిచిపోతాది,
మళ్లీ మొదలు, మళ్లీ నవ్వు.
వన్నూరప్ప మాత్రం బిగించి బిగించి లాగుతాడు.
వేళ్ల కొసలు నేరేడు పండ్లయినాయి.
వదులు చెయ్యరా అంటే,
"ఊడిపోతే?" అన్నాడు.
"కుట్టు ఊడితే పీసు వాపసొస్తాది.
మాయమ్మకు కూలి కోస్తారు."

ఏడేండ్లు వానికి.

ఏం చెప్పాలో తోచలేదు.
మూరెడు అల్లిన నా తాడు
వేళ్ల నుంచి తీసి వాని ముందర పెట్టి
కొస పట్టుకొని లాగినాను.
పటపటపటపట
వరస వెనక వరస
మూరెడూ విడిపోయి ఒళ్లో పడింది.
వన్నూరప్ప మొగం తెల్లబోయింది.
చూడు, గుడ్డకేమైంది?
ఏమీ కాలేదు. గుడ్డ గుడ్డగానే ఉంది.
దీనికి మేస్త్రీ లేడు.

వాడు గుడ్డను అటు తిప్పి ఇటు తిప్పి చూసినాడు.
తన వేళ్ల మీది ఉచ్చుల్ని చూసుకున్నాడు.
ఇంకోసారి ఊడదీయమన్నాడు.
అల్లి, ఊడదీసినాను.
ఇంకోసారి.
నాలుగోసారి వాడే లాగినాడు,
లాగి, పగలబడి నవ్వినాడు.

తిప్పేస్వామి తాడు మేకపిల్ల మెడకు పోయింది,
సాయంత్రానికి సగం దాని కడుపులోకి.
హనుమక్కది చెల్లెలికి మొలతాడు.
మాబున్నిది ఏమిటో మాబున్నికే తెల్లేదు,
తలకు చుట్టుకొని తిరుగుతోంది.

"ఆపేది ఎట్లక్కా?"
కొస కత్తిరించి
నాలుగు ఉచ్చుల్లోంచీ దూర్చి లాగు, ముడి పడతాది.
విన్నాడు వన్నూరప్ప.
ఆపలేదు.
ఒక తునక అయిపోతే ఇంకో రంగు తునక ముడేసి
ఎర్రది, బూడిద రంగుది, మళ్లీ ఎర్రది.

కరెంటు వచ్చింది.
మిషన్లన్నీ ఒక్కసారే లేచినాయి.
వాళ్లమ్మ బోయ ఈరక్క
వెనక్కి తిరక్కుండా కూర్చుంది పీటకు,
ఇరవై జేబులు బాకీ ఆమెకు.
వాకిలి కాడ నుంచి
వదులు వదులుగా, వంకర్లు పోతా,
ఆ తాడు ఆమె పీట దాకా వచ్చింది.

నేను కూడా పెడలు మీద కాలు పెట్టినాను.
చిటికెన వేలి చుట్టూ ఉచ్చు గుర్తు
ఇంకా ఎర్రగానే ఉంది.
మొదటి జేబు వంకరగా పడింది.
విప్పాల.