ఊపిరి పరీక్ష

నోవీ బోర్ నుంచి ప్రతి మంగళవారం బస్సులో
పాత దుప్పట్లో చుట్టుకుని
ఇరవై నాలుగు గాజు బిళ్ళలు తెస్తాడు బొహుస్లావ్.
పక్క సీటు ఖాళీగా ఉన్నా
మూట ఒళ్ళోనే.

నలభై ఏళ్ళుగా అతని పని ఒక్కటే,
ఏమీ కనిపించకుండా చెయ్యడం.
గులాబి రంగు సీరియం ముద్ద, నీళ్ళు, మళ్ళీ నీళ్ళు,
గాజుకు ఒక ముఖం ఉందన్న సంగతి
వెలుతురు మరిచిపోయేదాకా.

ప్రాగ్ శివార్లలోని ప్రయోగశాలలో
బిళ్ళలు లెక్కపెట్టుకునేది ద్రహొమీరా.
సంతకం పెడుతుంది, కాఫీ ఇస్తుంది, తలుపు మూసేస్తుంది.
పదకొండేళ్ళయింది.
ఆ తలుపు వెనక ఏముందో
అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఈ మంగళవారం ఆమే ఎదురొచ్చింది, చేతిలో ఒక బిళ్ళతో.
"పోయినవారం వాటిల్లో ఇదొక్కటి.
ఒకచోట మా గీత తెగిపోతోంది.
మైక్రోస్కోపుకు ఏమీ చిక్కడం లేదు."

అతను బిళ్ళను కిటికీ వైపు వాల్చాడు.
నోరు తెరిచి, మెల్లగా, హా అన్నాడు.
గాజు మీద చిన్న చలికాలం.
ఆవిరి అంచుల నుంచి వెనక్కి తగ్గుతూ
నడుమ ఒక్కచోట తడబడింది.
ఈగ కాలంత గీత.

"నాదే. శుక్రవారం.
మా చెల్లెలు ఒటీలియె ఫోన్ చేసింది,
తప్పిపోయిన కుక్క దొరికిందని.
చెయ్యి బరువెక్కింది."

అప్పుడు తలుపు తీసింది ఆమె.

చీకటి గది. చల్లటి గాలి. కళ్ళకు ఆకుపచ్చ అద్దాలు.
కత్తి ఎక్కడ అని వెతికాడు. చక్రం ఎక్కడ? నీళ్ళేవి?
గాజు మాత్రం ఒక బల్ల మీద
నిద్రలో ఒత్తిగిలినట్టు కదులుతోంది.

రెప్పపాటును లక్ష కోట్ల ముక్కలు చేసి
అందులో ఒక ముక్క తీసుకుంటే, అదీ ఆ మెరుపు వయసు.
మన పెద్దలు లిప్త దగ్గరే ఆగిపోయారు,
పాపం, వాళ్ళకు అంతకంటే తొందర పని పడలేదు.

ఆ మెరుపు పైముఖం దాటుతుంది గానీ గడప తొక్కదు.
వెలుగు రేణువులు ఒక్కొక్కటిగా వస్తే గాజు పలకదు.
రెండు వెంట్రుకల లోతున,
సంత జనమంతా ఒకే సందులో ఒకేసారి దూరినట్టు
అన్నీ కలిసి తలుపు తడితేనే
ఎవరూ అని లేస్తుంది.
లేచి, చూసి, మళ్ళీ పడుకుంటుంది.
కాకపోతే పక్క కాస్త నలిగి ఉంటుంది.
ఆ నలుగుళ్ళ వరసే గీత.

బొహుస్లావ్ బొటనవేలితో రుద్ది చూశాడు.
"ఎక్కడా తగలదే!"

తాటాకు మీద గంటం నడిస్తే
ఆకుకు నొప్పి తెలుస్తుంది, వేలికి గాటు తెలుస్తుంది,
మసి పూస్తే గాని అక్షరం లేవదు.
ఇక్కడ మసి లేదు.
బిళ్ళ అంచులో ఎర్రటి వెలుగు పోసింది ద్రహొమీరా.
లోపల ఒక దారం లేచింది,
వంపు తిరిగింది, వంపు తిరిగింది,
ఒకచోట పొగలా చెదిరి ఆగిపోయింది.

చాలాసేపు ఏమీ అనలేదు అతను.
తర్వాత పనివాడి ప్రశ్నే అడిగాడు:
"లోపలి గీతకు సాన ఎవరు పెడతారు?"
"ఎవరూ పెట్టలేరు. రాస్తే రాసినట్టే."
"తప్పు పడితే?"
"అదీ ఉండిపోతుంది. మనకంటే చాలా ఎక్కువ కాలం."

పైగీతను అరగంటలో చెరిపేయగలడు అతను.
దాని నీడ పడి తెగిన చోటు మాత్రం
ఏ సీరియం ముద్దకూ అందదు.

పనికిరాదు కదా, తీసుకెళ్ళనా అన్నాడు.
ఆమె రిజిస్టరులో ఒకటి కొట్టేసింది.

తిరుగు బస్సులో దుప్పటి ఖాళీ.
అయినా ఒళ్ళో రెండు చేతుల మధ్య ఏదో పట్టుకుని కూర్చున్నాడు.
మ్యెల్నీక్ దాటాక వాన మొదలైంది.
ఫోన్ తీసి చెల్లెల్ని అడిగాడు,
"బ్రోక్ ఏం చేస్తోంది?"