కత్తుల బుట్ట

సకాయి ఊళ్ళో, సముద్రానికి రెండు వీధుల ఇవతల
మా తమ్ముడు కియొతదా కత్తులు నూరుతాడు.
నూరినవాటిని పాత పేపర్లో చుట్టి
హోటళ్ళకి చేరవేసేది నేను.
సైకిలు ముందు బుట్టలో పద్నాలుగు కత్తులు:
చేపలు చీల్చేవి, ముల్లంగి తరిగేవి,
పిడి మీద పేరు చెక్కించుకున్న ఒక వంటపెద్దది.
కత్తి మీద సాము అంటారు కదా,
నాది కత్తుల వెనక సాము,
ముప్పై ఒక్క ఏళ్ళుగా.

రోడ్డుకి ఎడమ అంచు నాది.
నాది అంటే, గజం వెడల్పు.
అందులోనే మురుగుమూత జల్లెడ,
వానకి జారే తెల్లగీత,
తనంతట తానే తలుపు తెరిచే టాక్సీ.
లారీ పక్కనుంచి పోతే
దాని గాలి ముందు తోస్తుంది, తర్వాత లాగుతుంది,
ఉంచుకోవాలో వదిలేయాలో తేల్చుకోలేనట్టు.

ఆ భయంతోనే
నిరుడు వానల్లో కాలిబాట ఎక్కాను.
ఒక చేత్తో గొడుగు.
తప్పే. తెలుసు.
టోఫు కొట్టు ముందు జనం పలచగా ఉన్నారు,
చూపులేనివాళ్ళ పాదాలకి దారి చెప్పే
పసుప్పచ్చ బొడిపెలు తడిసి మెరుస్తున్నాయి.
అందంగా ఉన్నాయనుకున్నాను.
అంతే అనుకున్నాను.

టక్ మంది.

తెల్లకర్ర కొస నా చక్రం కింద.
మనిషి పడలేదు,
ఒకటిన్నర చుట్టు తిరిగి నిలబడ్డాడు.
తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.
"ఏమీ అనుకోకండి," అన్నాడు,
"నేనిప్పుడు ఎటు చూస్తున్నాను?"

రోజూ తిరిగే వీధి.
స్టేషను ఎటో చెప్పడానికి నా నోరు పెగల్లేదు.
గొడుగు ఎక్కడో దొర్లుతోంది.
బుట్టలో కత్తులు మాత్రం
ఒక్కటీ కదల్లేదు,
అంత బాగా చుట్టాను వాటిని.
అంత బాగా.

లారీ పక్కన నేను చీమని.
కాలిబాట ఎక్కితే
లారీని నేనే.
ఈ మాట ఏ బోర్డు మీదా రాసి లేదు,
ఒక కర్ర విరిగితే గానీ నాకు చదవడం రాలేదు.

కొత్త కర్ర కొనిచ్చాను. తీసుకున్నాడు.
పేరు నుకతా. పియానోలు శ్రుతి చేస్తాడట.
క్షమించానని అనలేదు,
కర్ర పొడవు సరిపోయిందని మాత్రం అన్నాడు.

నవంబరులో నాకు డెబ్భై నిండాయి.
మూలమీది పోలీసు కుర్రాడు, హిరుకవా వాళ్ళబ్బాయి,
పుట్టినరోజు కానుక ఇస్తున్నట్టు చెప్పాడు:
"అవ్వా, ఇక మీరు కాలిబాట మీద తొక్కొచ్చు.
చట్టం ఒప్పుకుంటుంది."
పదమూడేళ్ళలోపు పిల్లలకి, నాకు.
నవ్వొచ్చింది. మళ్ళీ పిల్లల్లో కలిశాను.

లారీలు మరీ ఒరుసుకునే వంతెన మీద
ఒప్పుకుంటాను ఆ కానుకని,
రోడ్డు వైపు అంచునే,
మనిషి నడకకి మించకుండా,
ముందు నడిచే వీపుల్ని చూస్తూ.
వీపులకి కళ్ళుండవు. నాకున్నాయి కదా.
గంట ఉంది హ్యాండిలుకి. మోగించను.
మోగిస్తే దాని అర్థం "తప్పుకో" అని.
తప్పుకోవాల్సిందాన్ని నేను.

మిగతా చోట్ల రోడ్డే.
చెయ్యి చాపి మలుపు చెప్తాను,
డ్రైవరు కళ్ళు కలిసేదాకా మలగను.
కొందరు తల ఊపుతారు.
కొందరు హారను కొడతారు. కొట్టనీ.

టోఫు కొట్టు వచ్చేసరికి మాత్రం
దిగిపోతాను, జనమున్నా లేకపోయినా.
సైకిలు నడిపిస్తుంటే వెనక చక్రం
టిక్ టిక్ టిక్ టిక్.
పాత గేరు, నూనె అడుగుతోంది.
కియొతదా వేస్తానంటే వద్దన్నాను.

"ఒరిహర గారూ,"
తల తిప్పకుండానే అంటాడు నుకతా,
"ఇవాళ మీరెటు చూస్తున్నారు?"
"స్టేషను వైపు."
"నేనూ అటే."

పసుప్పచ్చ బాట మీద ఆయన, పక్కన నేను,
రోడ్డు వైపు సైకిలు.
ఆయన కర్ర ఒక మాట, నా చక్రం నాలుగు మాటలు.
నా గేరు కాస్త శ్రుతి తప్పిందంటాడు.
హోటల్లో ట్యూనా చేప
కత్తి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.
చూడనీ.