జానెడు చీకటి

డండీలో వాన నిలువుగా పడదు.
టే నది మీంచి అడ్డంగా వచ్చి
ఓరియన్ పిక్చర్ హౌస్ నుదుటి మీద
మిగిలిన మూడక్షరాల్నీ కడిగి పోతుంది.

దాని నెత్తిన పదకొండు అంతస్తుల ఆఫీసు నిలబెట్టాలి.
లోపలి హాలుకి గీత పడకూడదు.
అదీ నాకిచ్చిన పని.

"ఒక్క స్తంభం," అంది ఫియోనా గిల్‌ఫిలన్,
డబ్బు పెట్టే కంపెనీ తరఫున.
"జీ వరుసలో, పదమూడో కుర్చీ దగ్గర.
ఒక్కటంటే ఒక్కటి. ఎవరికి అడ్డం?"
ఒంటిస్తంభం మేడ కథలు విని పెరిగినదాన్ని,
నవ్వొచ్చింది.
తెరకీ చూపుకీ మధ్య గడ్డిపరకైనా నిలబెట్టనన్నాను.
అప్పటికది వట్టి పొగరు.
కారణం ఇంకా దొరకలేదు.

కారణం కప్పులో ఉంది.
ప్లాస్టర్ పూల వెనక్కి చెయ్యి పోనిచ్చి
లోర్న్ ఒక పెచ్చు విరిచి ఇచ్చాడు.
తెల్లటి పూత లోపల గోనెపట్ట!
నూనె వాసన, నార దుమ్ము వాసన,
నెల్లిమర్లలో షిఫ్టు వదిలాక
మనుషుల కంటే ముందు మా వీధిలోకి నడిచొచ్చే వాసన.
తొంభై ఏడేళ్లుగా ఈ ద్రాక్షగుత్తుల్నీ
బుగ్గలు పూరించి బూరా ఊదే పిల్లల్నీ
పట్టుకు వేలాడుతున్నది
ఇంత జనపనార.

తర్వాత కేథీ డ్యూతీ వచ్చింది, చేతికర్ర తాటించుకుంటూ.
వాళ్ల అమ్మమ్మ జీనీ గోనె మిల్లులో నేతగత్తె.
మగ్గాల రొదలో మాట వినపడదు,
అందరూ పెదాలు చదివేవాళ్లట.
శనివారం రెండో ఆటకి, చవక టికెట్టు,
మూగ సినిమా.
తెర మీది అక్షరాలు "ప్రాణేశ్వరీ" అంటాయి.
హీరో పెదాలు మాత్రం
"నా కాలు తొక్కి చంపావే, గేదెమొహమా" అంటాయి.
హాలంతా కళ్లొత్తుకుంటుంటే
జీ వరుస ఒక్కటే పడీపడీ నవ్వేదట.

ఆ రాత్రే ఉక్కు లెక్కలు మళ్లీ మొదలెట్టాను.
పాత గోడలకి బయటగా, రాయి తగిలేదాకా కాళ్లు దించి
హాలు మీదుగా ఇరవై ఆరు మీటర్ల దూలాలు,
మనిషి నిలబడి నడిచేంత ఎత్తువి.
ఖర్చు చూసి ఫియోనా వారం రోజులు పలకలేదు.
పలికాక, టికెట్ గది వదులుకోమంది.
వదులుకున్నాను.
ఇత్తడి కమ్మీల కిటికీ, అరిగిన మెట్టు, అంతా పోయింది.
అక్కడిప్పుడు సైకిళ్లు పెట్టుకుంటారు.
ఆ సంగతి కేథీకి నేనే చెప్పాల్సింది.
చెప్పలేదు.

మొన్న దూలాల మీదికి బరువు దిగింది.
పదకొండు అంతస్తులూ కలిసి
పన్నెండు మిల్లీమీటర్లు కుంగి, ఆగాయి.
దూలం మీద బోర్లా పడుకుని కిందికి చెయ్యి చాపాను.
బొటనవేలు ఉక్కుకి, చిటికెనవేలు గోనెకి.
మధ్యలో జానెడు చీకటి.
కొత్తది పాతదాన్ని ఎక్కడా తాకలేదు.

రేపు పైన ఫోన్లు మోగుతాయి,
కుర్చీల చక్రాలు దొర్లుతాయి,
ఎవరో ఈ చీకట్లోంచి ఏసీ గొట్టం లాగుదామంటారు.
అందుకే నక్షా మీద ఎర్ర పెన్సిల్‌తో రాసి పెట్టాను:
ఇక్కడ ఏదీ నింపవద్దు.

లేచే ముందు
ఫియోనాని ఒక మాట అన్నాను,
చప్పుడు లేకుండా, పెదాలతో.
కింద జీ వరుస ఖాళీ.
ఉంటే నవ్వేదే.